చుక్కలు చూచుటకు జంటదుర్భిణి

వివాహవేదికనుండి వెలుపలికి వచ్చి, పురోహితుడు చూపిన దిక్కుగా తలయెత్తి అరుంధతిని చూడని గృహిణి మనలో అరుదు. ముహూర్తము పట్టపగలైనను ఆ తంతు తప్పదు. రాత్రియైనచో పందిటి దీపముల వెలుగులో ఆకాశము వెలవెలబోవును. "కనబడినదా?" యని యడుగగా తలయూపి లోనికి వచ్చినవారే మనలో పెక్కుమంది. ఆ పిమ్మట ఇల్లు, పిల్లలు, వంట, పండుగలు. అరుంధతిని మరల వెదకుటకు తీరిక చిక్కినవారెందరు?

ఇప్పుడా తీరికను పిల్లలే మనకు కలిగించుచున్నారు. 2023వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీని చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది మొదలు, దుర్భిణి కొనిపెట్టుమని తల్లుల నడుగు బాలబాలికలు మా వీధిలోనే నలుగురైదుగురున్నారు. అడుగుట పిల్లల వంతు, లెక్క చూచుకొనుట ఇల్లాలి వంతు. కావున ఎట్టిది కొనవలెను, ఎంతలో కొనవలెను, కొనునప్పుడు దేనిని పరీక్షింపవలెను అను విషయములను ఇచట ముచ్చటించెదము.

మొదట ఒక మాట. చుక్కలు చూడవలెననగానే ఎల్లరకును మూడుకాళ్ళ పీటపై నిలుచు పొడవైన దూరదర్శిని తలపునకు వచ్చును. స్వల్పమైన వెలకు దొరకు అట్టి దూరదర్శినుల కాళ్ళు గాలికి గడగడలాడును. వానిలో ఆకాశములోని ఇసుమంత భాగమే కనబడును గనుక క్రొత్తవారికి చుక్కను పట్టుకొనుటయే ప్రయాసము. బైనాక్యులర్లని మనము పిలుచు జంటదుర్భిణి అట్టిది కాదు. రెండు కన్నులతో చూడవచ్చును. బొమ్మ తలక్రిందులు కాదు. ఆకాశమున విశాలమైన భాగము ఒక్కసారిగా కనబడును. చుక్కలు లేని పగటివేళ చెరువుమీది కొంగలను, దూరపు గోపురశిఖరమును చూచుటకును పనికివచ్చును.

మన తర్కశాస్త్రమున స్థూలారుంధతీ న్యాయమని యొకటి కలదు. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు, ముందు దాని ప్రక్కనున్న పెద్దచుక్కను చూపి, చూపు అచట నిలిచిన పిమ్మట చిన్నదానిని చూపును. ఆకాశ విద్యకంతటికిని ఇదియే క్రమము. ముందు వట్టి కన్ను, తరువాత జంటదుర్భిణి, కోరిక నిలిచినచో అటుపిమ్మట దూరదర్శిని. ఈ క్రమము తప్పినచో ధనము వ్యర్థము.

రెండంకెల మర్మము

ప్రతి జంటదుర్భిణి మీదను 7×50, 8×42, 10×50 అని రెండంకెలు చెక్కియుండును. మొదటిది వస్తువు ఎన్నిరెట్లు పెద్దదిగా కనబడునో తెలుపును. రెండవది ముందుప్రక్కనున్న పెద్ద కటకము వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. అంగడివారు మొదటి యంకెను చూపి బేరము చేయుదురు. చుక్కలు చూడదలచినవారు రెండవ యంకెను ముందుగా చూడవలెను.

ఏలన, చుక్కలకు కావలసినది పెద్దదనము కాదు, వెలుగు. వానకాలమున చూరుక్రింద చెంబు పెట్టినచో ఎంత నీరు పడునో, గంగాళము పెట్టినచో ఎంత పడునో మనకు తెలియును. కటకమును అట్టి పాత్రయే. 50 మిల్లీమీటర్ల కటకము, 25 మిల్లీమీటర్ల కటకముకంటె నాలుగురెట్ల వెలుగును పట్టును. చీకటిలో బాగుగా విచ్చుకొన్న కనుపాప వెడల్పు 7 మిల్లీమీటర్లనుకొన్నచో, 50 మిల్లీమీటర్ల కటకము కంటికంటె ఇంచుమించు ఏబది రెట్ల వెలుగును ప్రోగుచేయును. కంటికి కనబడని చుక్కలు దుర్భిణిలో కనబడుటకు కారణమిదియే.

ఇక రెండవ యంకెను మొదటి యంకెచే భాగించిన వచ్చు ఫలమును గమనింపవలెను. 10×50కి 5, 7×50కి ఇంచుమించు 7, 8×42కి 5 పైచిలుకు, 20×50కి రెండున్నర మాత్రమే. కంటిలోనికి వచ్చు వెలుగుకట్ట ఇన్ని మిల్లీమీటర్ల వెడల్పుండునని దీని యర్థము. ప్రాయములో నున్నవారి కనుపాప చీకటిలో సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకొనును. ఏబదియేండ్లు దాటునప్పటికి 5 ప్రాంతమునకు దిగుట సామాన్యము. కావున 5 వచ్చునట్టి దుర్భిణి బామ్మకును మనుమరాలికిని సమానముగా ఉపకరించును. 7 వచ్చునది పల్లెల కారుచీకటిలో రాణించును గాని, పట్టణములలో వీధిదీపముల కాంతిచే ఆకాశమును బూడిదవన్నెగా చూపును.

మరి పెద్దగా చూపునది మేలు కాదా యని యడుగవచ్చును. దుర్భిణి చుక్కతోపాటు మన చేతివణకును గూడ అన్నిరెట్లు పెంచును. పదిరెట్లకు మించినచో చేతపట్టి నిలుకడగా చూచుట కష్టము. 15×70, 20×80 అనునవి మంచివే గాని, వానికి మూడుకాళ్ళ పీట తప్పదు. ఆ పీట వెల వేరు.

ఈ హేతువులచేత మా యభిప్రాయమిది: ఇంటిల్లిపాదికిని ఒక్కటే కొనదలచినచో 10×50 కొనుడు. చేతులు వణకువారును, బాలురును ఎక్కువగా వాడుదురేని 8×42 గాని 8×40 గాని తేలికగా నుండును. పట్టణమునకు దూరముగా పల్లెలో నుండువారికి 7×50 చక్కనిది. జేబులో పట్టు 8×21 వంటివి పగటిపూటకే గాని రాత్రికి చాలవు.

పెద్ద యంకెల మోసము

"20-100 జూమ్" అని పెట్టెపై పెద్దక్షరములతో వ్రాసియుండు దుర్భిణులు కొన్ని కలవు. మా యెరుకలోని యొక కుటుంబమున, చీటీపాట డబ్బులో మిగిలిన దానితో కుమార్తె పుట్టినరోజునకు అట్టిదానిని తెప్పించిరి. బృహస్పతిని చూడబోగా ఆ చుక్క మిడుతవలె గంతులు వేసినది. రెండు గొట్టములలోను బొమ్మలు ఒకటిగా కలియక, పిల్లకు తలనొప్పి వచ్చినది. నాలుగవ నాటికి దుర్భిణి బీరువా పైకెక్కినది. "ఆకాశములో చూడదగినదేమియు లే"దని ఆ పిల్ల నిశ్చయించుకొన్నది. పోయిన డబ్బుకంటె ఆ మాటయే మాకు ఎక్కువ వ్యథ కలిగించినది. పనికిమాలిన సాధనము ధనమును మాత్రమే హరింపదు. కుతూహలమును గూడ హరించును. డబ్బు మరల కూడబెట్టుకొనవచ్చును. పదియేండ్ల పిల్లకు పోయిన ఆసక్తి మరల వచ్చునో రాదో ఎవరు చెప్పగలరు?

కావున జూమ్ అనునది వలదు. కటకములు కెంపువలె ఎర్రగా మెరయునవియు వలదు. ఆ యెరుపు మనకు కనబడుచున్నదనగా, ఆ కాంతి కంటిని చేరక వెనుకకు మరలుచున్నదని యర్థము.

అంగడిలో పరీక్ష

బంగారము కొనునప్పుడు గీటురాయి చూడక కొనము గదా. దీనికిని కొన్ని గీటురాళ్ళు కలవు.

మొదటిది పూత. పూతలేని గాజు ముఖమొక్కొక్కటి తనపై పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్ళ చొప్పున వెనుకకు త్రిప్పివేయును. దుర్భిణిలో అట్టి ముఖములు పదికి పైగా నుండును గనుక నష్టము తక్కువ కాదు. దీనికి విరుగుడుగా పలుచని పూత వేయు విధానమును 1935లో జర్మనీలోని జైస్ కర్మాగారమున అలెగ్జాండర్ స్మకులా కనుగొనెను. నేడు "ఫుల్లీ మల్టీకోటెడ్" అని వ్రాసియున్నచో అన్ని ముఖములకును పెక్కు పొరల పూత కలదని తెలిసికొనవలెను. "కోటెడ్" అని మాత్రమే యున్నచో ఏదో యొక ముఖమునకు పూసి చేతులు దులుపుకొని యుండవచ్చును.

రెండవది లోపలి పట్టకములు. ఇటలీ దేశస్థుడైన ఇగ్నాజియో పోరో 1854లో పట్టకములతో బొమ్మను నిటారుగా చేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. 1894లో జైస్ వారు ఆ పద్ధతితో జంటదుర్భిణులను అమ్మకమునకు తెచ్చిరి. భుజములు విప్పుకొన్నట్లు వెడల్పుగా నుండునవి పోరో రకము. నిలువు గొట్టములవలె సన్నగా నుండునవి రూఫ్ రకము. రూఫ్ రకమును చక్కగా చేయుటకు మిక్కిలి నేర్పును ఖర్చును కావలెను గనుక, స్వల్పమైన వెలలో పోరో రకమే మెరుగు. పట్టకములకు వాడు గాజులలో బ్యాక్-4 అనునది బి.కె-7 కంటె మేలైనది. దీనిని కంటితోనే పరీక్షింపవచ్చును. దుర్భిణిని చేయిచాచి వెలుగువైపు పట్టి, కన్నుపెట్టు కటకములలోనికి దూరమునుండి చూడుడు. అచట కనబడు తెల్లని బిళ్ళ గుండ్రముగా నున్నచో మంచిది. అంచులు నలుపలుకలుగా తెగి మసకబారియున్నచో తక్కువ రకము.

మూడవది జోడు. దూరపు స్తంభమునో గోపురమునో చూచి, బొమ్మ రెండుగా విడిపోవుచున్నదేమో, కొంతసేపటికి కన్ను లాగుచున్నదేమో గమనింపుడు. జోడు కుదరని దుర్భిణి ఎంత చౌకయైనను పుచ్చుకొనరాదు. తపాలాలో తెప్పించుకొనువారు, త్రిప్పి పంపుటకు వీలుగల అంగడినుండియే తెప్పించుకొనవలెను.

నాలుగవది కన్నుల నడిమి దూరము. దుర్భిణిని మడచినప్పుడు రెండు గొట్టములును దగ్గరగా వచ్చును గాని, చాలవానిలో 56 మిల్లీమీటర్ల ప్రాంతమునకు మించి దగ్గరకు రావు. చిన్నపిల్లల కన్నుల నడిమి దూరము అంతకంటె తక్కువ యుండవచ్చును. కావున ఎవరికొరకు కొనుచున్నామో ఆ పిల్లను వెంటబెట్టుకొని పోయి, ఆమె కన్నులకే పెట్టి చూడవలెను.

ఐదవది కంటద్దములు. దూరపుచూపు, దగ్గరచూపు లోపము మాత్రమే కలవారు అద్దములు తీసివేసి, చక్రము త్రిప్పి సరిచేసికొనవచ్చును. ఆస్టిగ్మాటిజం కలవారికి అద్దములు తప్పవు. వారు కన్నుకును కటకమునకును నడుమ 15 మిల్లీమీటర్లకు తక్కువ కాని యెడము లభించుదానిని అడిగి కొనవలెను.

వెల విషయము. పేరుగల కంపెనీల 10×50 పోరో రకము సామాన్యముగా ఐదారువేల రూపాయలు మొదలుకొని పదునైదువేల లోపున దొరకును. అంతకు మించిన వెలలకు బొమ్మ అంచులదాక స్ఫుటముగా నుండుట, వాన నీటికి చెడకుండుట మున్నగు సుగుణములు కలుగును. క్రొత్తవారికి అవి తప్పనిసరి కావు. రెండుమూడు వందల రూపాయల బొమ్మదుర్భిణి మాత్రము బొమ్మయే.

పట్టుట, సరిచేయుట

దుర్భిణి చేతికి రాగానే మొదట ఎడమకంటితో మాత్రమే చూచుచు, నడుమనున్న చక్రమును త్రిప్పి ఒక చుక్కను సూదిమొనవలె చేసికొనవలెను. పిమ్మట కుడికంటితో మాత్రమే చూచుచు, కుడిగొట్టముపై నున్న చిన్న వలయమును త్రిప్పి ఆ చుక్కనే సరిచేయవలెను. ఒక్కొక్కరి కన్ను ఒక్కొక్క తీరున నుండును గనుక, చేయి మారినప్పుడెల్ల దీనిని మరల చేసికొనవలెను.

10×50 దుర్భిణి కిలో బరువునకు ఇంచుమించుగా నుండును. నిలుచుండి చూచినచో భుజములు లాగును. మేడమీది పిట్టగోడపై మోచేతులాన్చుట, పడకకుర్చీలో వెనుకకు వాలుట, నులకమంచముపై వెల్లకిల పరుండుట ఉత్తమములు. వేసవిలో ఆరుబయట పడకలు వేసికొను అలవాటున్న యిండ్లవారు ధన్యులు.

కన్ను చీకటికి అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. నడుమ ఒక్కసారి సెల్‌ఫోను తెర చూచినను ఆ తపస్సు భగ్నమగును. దీపము కావలసినచో చిన్న టార్చికి ఎర్రని కాగితము చుట్టి వాడుకొనవలెను.

ఏమి చూడవలెను?

చంద్రుడు మొదటివాడు. పున్నమినాడు చూచిన తెల్లని పళ్ళెమే కనబడును. శుద్ధ సప్తమి, అష్టమి, నవమి తిథులలో చూడుడు. వెలుగు చీకటులు కలియు గీతవెంట గుంటల అంచులును కొండల నీడలును కనబడును. శుద్ధ తదియ చవితులలో నెలవంక ఒడిలోని చీకటిభాగము బూడిదవన్నెతో కనబడును. అది భూమినుండి చంద్రునిపై పడి మరలివచ్చిన వెలుగు. వినాయకచవితినాడు పెద్దలు వలదందురు గాని, తక్కిన చవితులన్నియు మనవే.

బృహస్పతి ప్రక్కన నాలుగు చిన్న చుక్కలు ఒకే వరుసలో కనబడును. 1610లో గెలీలియో చూచిన నాలుగు చంద్రులు ఇవియే. మోచేతులు గోడకాన్చి చూడవలెను. రేపటికి వాని చోట్లు మారును. శని వలయములు మాత్రము పదిరెట్లు చూపు దుర్భిణిలో కనబడవు. కనబడునని చెప్పి అమ్మువానిని నమ్మరాదు.

కృత్తికలను పల్లెలలో పిల్లలకోడి యందురు. వట్టికంటికి ఆరు చుక్కలు. దుర్భిణిలో పదులకొలది నీలికాంతుల పొడి. మీద చెప్పిన పిల్లయే ఒకనాటి రాత్రి మా మేడమీద 10×50తో వీనిని లెక్కింపబోయి, ముప్పదిదాక వచ్చి, "ఇంక నున్నవి" యని కేకవేసినది. ఆకాశముపై ఆమెకు కోపము తీరినదని మేము సంతసించితిమి.

పుష్యమాసపు రాత్రులలో గొల్లకావడి యను మూడు చుక్కలకు దిగువను మంచుబిందువువంటి మసక కనబడును. అది చుక్కలు పుట్టుచున్న వాయుమేఘము. దూరము సుమారు 1,300 కాంతి సంవత్సరములు. కాంతి సంవత్సరమనగా, సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవు కాంతి ఒక యేడాదిలో పోవు దూరము. కార్తికమాసమున ఆకాశదీపము నెత్తు దినములలో, ఉత్తరాభాద్ర నక్షత్రమునకు ఈశాన్యముగా చూపును కొంత సాగించినచో కోలగా నొక పొగమరక కనబడును. అది మన పాలవెల్లివంటి మరియొక నక్షత్రలోకము; దూరము 25 లక్షల కాంతి సంవత్సరములు. ఈ రెండింటికిని చీకటిపక్షపు రాత్రులే తగినవి.

వైశాఖమాసమున సప్తర్షులు ఉత్తరపుదిక్కున ఎత్తుగా నిలుతురు. తోకలో నడిమిచుక్క వసిష్ఠుడు, ప్రక్కనున్న చిన్నది అరుంధతి. దుర్భిణిలో ఇరువురును స్పష్టముగా విడివిడిగా నిలుతురు. వారితో త్రికోణముగా మరియొక మసకచుక్క కనబడును. పెండ్లినాడు తలయూపినవారు ఈ వైశాఖమున నిజముగా చూడవచ్చును.

ప్రాణసమానమైన హెచ్చరిక

దుర్భిణితో సూర్యుని ఎన్నడును చూడరాదు. గ్రహణవేళ గాని, మబ్బుచాటున గాని, అస్తమించువేళ గాని చూడరాదు. క్షణకాలములో కంటిలోపలి పొర మాడిపోవును. ఆ పొరకు నొప్పి తెలియదు గనుక, మాడుచున్నట్లును తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. పగటిపూట పిల్లల చేతికిచ్చినప్పుడు పెద్దలెవరైన ప్రక్కన నుండవలెను.

ఇక సంరక్షణ. కటకముపై దుమ్ము పడగానే చీరకొంగుతో తుడుచుట మనకు అలవాటు. అట్లు చేయరాదు, దుమ్ములోని ఇసుక పూతను గీరివేయును. మెత్తని కుంచెతో దులిపి, పిమ్మట కటకములకై అమ్ము మెత్తని గుడ్డతో తేలికగా అద్దవలెను. కోస్తా జిల్లాలలో గాలిచెమ్మకు కటకములలోపల బూజు పట్టును. సిలికాజెల్ పొట్లములతో గట్టి మూతగల డబ్బాలో నుంచినచో ఏండ్లతరబడి చెడదు.

చిన్న సాధనము, పెద్ద చూపు

ఇంత చిన్న సాధనముతో ఏమి సాధింతుమని నిరుత్సాహపడనక్కరలేదు. ఇంగ్లండులో జార్జి ఆల్కాక్ అను బడిపంతులు జంటదుర్భిణితో వేలకొలది చుక్కల చోట్లను కంఠస్థము చేసి, తోకచుక్కలను కనిపెట్టెను. 1983లో ఆయన కనిపెట్టిన తోకచుక్కను ఇంటిలోపలనుండి కిటికీ అద్దముగుండా చూచెను. అంతకు మున్ను, అన్నగారి యింటి పనులు చక్కబెట్టుచు, చిన్న దూరదర్శినితో ఆకాశమును వెదకిన కారొలిన్ హెర్షెల్ 1786 ఆగష్టు 1వ తేదీని తన మొదటి తోకచుక్కను కనుగొనెను, మొత్తమెనిమిదింటిని కనుగొనెను. 1787లో ఇంగ్లండు రాజు ఆమెకు ఏటికి 50 పౌనుల జీతము నేర్పరచెను. ఇల్లు దిద్దుకొను చేతులకు ఆకాశము దూరము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున దుర్భిణి కొన్న యింట దానిని మగపిల్లవాని యాటవస్తువుగా నెంచి దాచరాదు. ఆడపిల్లకును, అత్తగారికిని, పనులు ముగించిన ఇల్లాలికిని వంతు రావలెను. కొనకమునుపు రెండు వారములు వట్టికంటితో పంచాంగము చేతబట్టి నక్షత్రములను గుర్తించుట నేర్వుడు. ఆసక్తి నిలిచినచో కొనుడు. కొన్ననాడు జమాఖర్చుల పుస్తకములో ఖర్చుప్రక్క వెల వ్రాసికొని, దానికెదుట జమప్రక్కను చూచినవానిని తిథితోసహా ఒక్కొక్కటిగా వ్రాయుచు పొండు. ఏడాది తిరుగునప్పటికి ఏ ప్రక్క బరువైనదో ఆ పుటయే చెప్పును.